గూటి ముందు కెమెరా

పక్షుల ఛాయాచిత్రణ చరిత్ర దాదాపు గూటి దగ్గరే మొదలైనదని చెప్పవచ్చును. 1892 ఏప్రిల్‌లో లండను సమీపాన రిచర్డ్ కేర్టన్ ఒక పిట్టగూడు చూపగా, తమ్ముడు చెర్రీ గుడ్లతో సహా దానిని ఫోటో తీశాడు. 1895లో ఆ సోదరులు బ్రిటిష్ పక్షుల గూళ్ళపై ప్రకటించిన సచిత్రగ్రంథం ఆ విద్యకు దారి వేసింది.

గూడే ఎందుకు? నాటి కెమెరా బరువైన పెట్టె. గాజుపలకల మీద బొమ్మ పడాలి. కొమ్మమీది పిట్ట క్షణం నిలువదు. గూడు కదలదు, తల్లి దానికి తిరిగి వచ్చి తీరుతుంది. అంటే బిడ్డల మీది మమకారమే ఎర! కేర్టన్ సోదరులు బోలుగా చేసిన ఎద్దుబొమ్మలో దాగి ఫోటోలు తీశారు. పశువు చాటున పొంచి పిట్టలను పట్టే నేర్పు మన వేటగాళ్ళకూ కొత్త కాదు. అయినా గుడ్లు దొంగిలించి పెట్టెల్లో పేర్చుకోవడం వేడుకగా సాగిన ఆ రోజుల్లో, గుడ్డును గూటిలోనే వదలివచ్చిన కెమెరా మేలే చేసింది.

కీడు మరొకదారిన వచ్చింది. గూడు స్పష్టంగా కనబడటానికి అడ్డమైన రెమ్మలను తొలగించేవారు. శ్రద్ధగలవారు దారంతో పక్కకు కట్టి, పని కాగానే విప్పేవారు, తొందరపాటువారు నరికేవారు. ఆకుచాటు పోయిన గూటిని మొదట చూసేది కాకి. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి. పక్షులూ ఊరుకోలేదు: 1937లో వేల్స్‌లో ఒక గుడ్లగూబ దాడిలో ఎరిక్ హాస్కింగ్ ఎడమకన్ను పోగొట్టుకున్నాడు. ఆయన 1970లో వెలువరించిన ఆత్మకథ పేరులోనే ఆ కన్ను ఉన్నది!

బ్రిటన్‌లో 1981 నాటి చట్టం ప్రకారం జాబితాలోని అరుదైన పక్షులను గూటి దగ్గర కలతపెట్టే ఛాయాచిత్రణకు లైసెన్సు ఉండాలి. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా సూటిగా మాట్లాడింది. అందులో 'వేట' అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే గుడ్లను, గూళ్ళను కలతపెట్టటం చేరి ఉన్నది. వాల్మీకి చూచిన క్రౌంచవధ కూడా జంటకాలపు వేటే కదా.

సూళ్ళూరుపేట సమీపాన నేలపట్టులో నీటిలోని చెట్లపై గూడబాతులు గుంపుగా పొదుగుతాయి. ఒకటి బెదిరితే పక్కవీ లేస్తాయి. అక్కడ కావలిగోపురం నుండి చూడటమే మర్యాద. నేటి దూరపు కటకాలతో ఇది కష్టమేమీ కాదు. ఫ్లాషు వద్దు, కొమ్మ ముట్టవద్దు, పక్షి కూతను రికార్డులో వినిపించి పిలువవద్దు, గూటి చోటును నలుగురికీ చాటవద్దు.

మరి బయలునేల మీద గుడ్లు పెట్టే తీతువు మాటేమిటి? మండువేసవిలో అది గుడ్లకు నీడపడుతుంది. నీటిలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. తీతువు అరిస్తే అపశకునమని మనవారి నమ్మకం. పొదిగే వేళ అది అరుస్తూ మనపైకి దూకినట్లు ఎగిరిందంటే గుడ్లో పిల్లలో దగ్గరలోనే ఉన్నాయన్నమాట. అప్పుడు ముందుకు అడుగు వేయక, కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనుదిరగాలి. ఆ గుడ్లు చుట్టూ ఉన్న గులకరాళ్ళలో కలిసిపోయి కాలికింద పడేదాకా కనబడవు.