తండ్రి లేని బిడ్డకూ తోరా

యూదుల బడి చరిత్రలో అసలు మలుపు, బాధ్యత ఇంటి నుంచి ఊరికి మారడం. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా నేర్పడం మొదట తండ్రి విధి. తండ్రి లేని బిడ్డకు చదువే లేదు. యూదు ధర్మచర్చల సంకలనమైన తల్ముద్ ప్రకారం, మొదటి శతాబ్దపు ప్రధాన యాజకుడు యెహోషువ బెన్ గమ్లా ఊరూరా గురువులను నియమించి, ఆరేడేళ్ల పిల్లలను బడిలో చేర్పించాడు. తల్ముద్‌లోనే తరగతి లెక్క కూడా ఉంది: గురువుకు 25 మంది. 40 మందైతే ఊరి సాయంతో ఒక సహాయకుడు.

ఈ కథనం శతాబ్దాల తర్వాత గ్రంథస్థమైంది, అంతటా అమలైందని నమ్మలేం అనవచ్చు. నిజమే, కానీ తరగతి పరిమాణాన్నీ ఖర్చునూ ఇంత వివరంగా చర్చించారంటే, పిల్లల చదువు అందరి బాధ్యతగా స్థిరపడిందనే అర్థం. తర్వాతి కాలంలో తూర్పు ఐరోపాలోనూ ఫీజు కట్టలేని పిల్లలకు యూదు సమాజమే బడులు నడిపింది. ఆడపిల్లలను వదిలేయడం మాత్రం కాదనలేని లోపం. 1917లో, నేటి పోలండ్‌లోని క్రాకోలో సారా షెనిరర్ వారికోసం తెరిచిన బడి, ఆ పాత సూత్రాన్నే నిజాయితీగా పూర్తిచేసే ప్రయత్నం.