హుక్కా నుంచి ఈ-సిగరెట్ దాకా

ఈ-సిగరెట్‌ని తంబాకు కానూన్ కిందికి తేవాలా, ఇప్పుడున్నట్టు పూర్తిగా బంద్ చేసి ఉంచాలా? ఈ బహస్ విన్నప్పుడల్లా నాకు అక్బర్ దర్బారే యాదికొస్తుంది.

1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే మొఘల్ అధికారి బీజాపూర్ వెళ్లి వస్తూ తంబాకుని, రత్నాలు పొదిగిన హుక్కాతో సహా ఆగ్రాకి పట్టుకొచ్చాడు. బాద్‌షా కొన్ని దమ్ములు లాగాడు. షాహీ హకీం అడ్డుపడ్డాడు. మన కితాబుల్లో లేని వస్తువు, పరీక్ష చేయకుండా ఫిరంగీల వెంట ఎలా నడుస్తామన్నాడు. ఏ దవా అయినా మొదట్లో కొత్తదే కదా అన్నది అసద్ బేగ్ జవాబు. అక్బర్‌కి జవాబు నచ్చింది గానీ తంబాకు అంటుకోలేదు. అమీర్లకు మాత్రం బాగా అంటుకుంది. వాళ్ల వెనకే సౌదాగర్లు దిగారు. హకీం అడిగింది పరీక్ష. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

1617లో జహంగీర్ తంబాకు తాగొద్దని ఫర్మానా ఇచ్చాడు. ఇరాన్‌లో షా అబ్బాస్‌దీ అదే హుకుం. తమాషా ఏమిటంటే, జహంగీర్ తరఫున ఇరాన్ వెళ్లిన సఫీర్ ఖాన్ ఆలంకి దమ్ము లేనిదే పొద్దు గడవదు. చివరికి షా అబ్బాసే అతనికి ఇజాజత్ ఇచ్చాడు. అంత పెద్ద ఫర్మానా అట్లా కాగితం మీదే మిగిలింది. తంబాకు పొలాల్లోకి, బజార్లోకి, ఇళ్లల్లోకి వచ్చేసింది.

పొగ నీళ్లల్లోంచి వస్తే జహర్ పోతుందని హుక్కా గురించి ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. నీళ్లు పొగని చల్లబరుస్తాయి, అంతే. చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ 2003లో తయారుచేసిన ఈ-సిగరెట్‌లో ఆకు కాలదు, తారు రాదు. సిగరెట్ కంటే నుక్సాన్ తక్కువన్న మాటలో నిజం ఉంది. కానీ ఆదత్ పట్టించే నికోటిన్ అందులోనూ ఉంటుంది.

మన దేశం 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సు, డిసెంబర్‌లో చట్టం తెచ్చి ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ ఆపేసింది. మొదటిసారి అమ్ముతూ దొరికితే ఏడాది దాకా ఖైదు, లేదా లక్ష దాకా జుర్మానా, లేదా రెండూ. సిగరెట్, బీడీలకు మాత్రం 2003 చట్టం ఉంది. బొమ్మ వేసి అమ్ముకోవచ్చు, 18 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మొద్దు, బడికి వంద గజాల లోపు అమ్మొద్దు. ఈ తేడా సెహత్ లెక్క చూసి పెట్టింది కాదు. పాతదానికి గుంటూరులో బోర్డుంది, పన్నుంది, నిజామాబాద్, జగిత్యాల ఇళ్లల్లో బీడీలు చుట్టి కూతుళ్ల షాదీలు చేసిన అమ్మీలున్నారు. దాన్ని బంద్ చేస్తే రోడ్డున పడేది వాళ్లే. కొత్తదానికి ఇక్కడ వారసులు లేరు కాబట్టి బంద్ చేయడం ఆసాన్ అయింది.

నా రాయ్ అడిగితే, రెంటికీ ఒకే తరాజు పెట్టాలి. ఇజాజత్ ఇస్తే బచ్చాలు పాడవుతారన్న డర్ నాకూ ఉంది. కానీ చాటుగా చేతులు మారే వేప్ మీద నికోటిన్ ఎంతో రాసి ఉంటుందా? అమ్మేవాడు వయసు అడుగుతాడా? లోపల ఏముందో పరీక్ష చేయమన్న ఆ హకీం సవాల్‌కి చోరీ బజార్‌లో జవాబు చెప్పే నాథుడే లేడు.