కుశస్థలి ఒడ్డున మంచుయుగాల లెక్క

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లో ఆదిమానవుడు తిరిగిన కాలంలో అక్కడ హిమానీనదాలు లేవు. అయినా మంచుయుగాల చరిత్ర కోసం శాస్త్రవేత్తలు ఈ నేలను వెతుక్కుంటూ వచ్చారు. తమిళులు కొసస్తలైయారు అనే నదిని మన చిత్తూరు వాళ్లు కుశస్థలి అంటారు. 1960 దాకా తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లాదే. ఈ నదీ పరివాహకంలో, పూండికి దగ్గర్లోని అత్తిరంపాక్కంలో భూగర్భ శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ 1863లో రాతి పనిముట్లు కనుగొన్నారు. 1935లో డి టెరా, పాటర్‌సన్‌ల బృందం హిమాలయాల్లో మంచు ముందుకొచ్చిన, వెనక్కి తగ్గిన దశలను గుర్తించి, ఆ వరుసతో దేశంలోని రాతియుగ పనిముట్లను పోల్చి చూసింది. మద్రాసు చుట్టుపక్కల నదుల ఒడ్డు మెట్లనూ పరిశీలించింది. ఆ పరిశీలనలతో 1939లో పుస్తకం వచ్చింది.

ఆలోచన గొప్పదే కానీ, ఆ పద్ధతి నిలబడలేదు. నది ఒడ్డున మెట్లు ఏర్పడటానికి మంచు ఒక్కటే కారణం కాదు. నేల పైకి లేచినా, సముద్రమట్టం మారినా, వాన తీరు మారినా ఏర్పడతాయి. ఇక్కడి మట్టి వయసు ఇక్కడే తేల్చాలి. పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం 1999 నుంచి అత్తిరంపాక్కంలో చేసిందదే. డైనోసార్ల కాలపు రాతిపొరగా అంతకుముందు భావించిన బంకమట్టిని తవ్వితే, దాని లోపలే చేతిగొడ్డళ్లు దొరికాయి. వాటి వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో తేలింది. పై పొరల్లో కొత్తరకం పనిముట్ల తయారీ దాదాపు 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని 2018లో ప్రకటించారు.

అలాగైతే ధ్రువాల మంచుతో మనకు పనేమిటని అడగవచ్చు. పని ఉంది. అంటార్కిటికాలో వోస్తోక్ దగ్గర 3,600 మీటర్లకు పైగా తవ్వి తీసిన మంచు 4,20,000 ఏళ్ల వాతావరణాన్ని చెప్పింది. అదే ఖండంలోని డోమ్ సి అనే చోట తీసిన మంచు 8 లక్షల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది. అందులోని గాలి బుడగల్లో మీథేన్ ఉంది. అందులో చాలా భాగం ఉష్ణమండలపు చిత్తడి నేలల నుంచి, అంటే వానల మీద బతికే మన లాంటి చోట్ల నుంచి వెళ్లిందే. ఆ మంచు మన కుశస్థలి వరదల తేదీలు చెప్పలేదు, కానీ ఆ వరదలు వచ్చిన కాలంలో భూమి మొత్తానికి గాలి ఎలా ఉండేదో చెబుతుంది.

వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, మనిషి తట్టుకున్నాడు కదా అనేవాళ్లున్నారు. నిజమే, అత్తిరంపాక్కమే సాక్ష్యం. అయితే ఆ 8 లక్షల ఏళ్లలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 300 చుట్టుపక్కలే ఆగింది. ఇప్పుడు 420 దాటింది. పైగా ఆనాటి కొద్దిమందికి ఒక వాగు ఎండితే మరో వాగుకు పోయే వీలుండేది. ఇప్పుడు అదే నది మీద 1944లో కట్టిన పూండి జలాశయం చెన్నైకి నీళ్లివ్వాలి. 2019 వేసవిలో నగరపు జలాశయాలు దాదాపు అడుగంటాయి. చెన్నై మరో వాగు వెతుక్కుంటూ పోలేదు.