మందుపాతరలు – బతికి బయటపడ్డవారు

మన సంఘం ప్రత్యేక సంచికకు జిల్లా చరిత్రమీద ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. కొండవీటి రెడ్డిరాజుల గురించి, పల్నాటి యుద్ధం గురించి, చీరాల–పేరాల ఉద్యమం గురించి నాకంటె బాగా తెలిసినవారు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. అందుచేత మనమందరం సర్వీసులో ఉండగా మన కళ్ళెదుట జరిగిన చరిత్రను ఎంచుకున్నాను. రోడ్డుమీద మందుపాతర పేలినప్పుడు బండిలో ఉన్నవాళ్ళు ఎలా బతుకుతారు? ఎవరు బతుకుతారు? బతికినవారి సంగతి తరువాత ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పటం ఒకసారి గుర్తు చేసుకోండి. (2022 ఏప్రిల్‌లో వీటినుంచే పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి.) తూర్పున సముద్రం, మధ్యన పత్తి, మిరప పండే నల్లరేగడి, పడమట నల్లమల. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, యర్రగొండపాలెం, దోర్నాల వైపు పనిచేసిన మిత్రులకు ఆ అడవి అంచు బాగా తెలుసు. 1980 ఏప్రిల్‌లో కొండపల్లి సీతారామయ్యగారు పీపుల్స్‌వార్ పార్టీని స్థాపించారు. ఆ తరువాతి సంవత్సరాల్లో నల్లమల ఆ పార్టీ దళాలకు పెద్ద స్థావరమైంది, మందుపాతర వారి ముఖ్య ఆయుధమైంది. రాళ్ళ క్వారీల్లో వాడే జిలెటిన్ వంటి పేలుడు మందును డబ్బాల్లో కూరి రోడ్డు కింద పెట్టి, దూరంనుంచి వైరుతో పేల్చేవారు.

రేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు. అందుకని మన రోడ్లకు కల్వర్టులు, తూములు ఎక్కువ. మందుపాతర పెట్టేవారికి కల్వర్టు అనువైన చోటు. పైన తారు చెక్కుచెదరదు కాబట్టి తవ్విన జాడ కనబడదు. పైగా తడిసిన బంకమట్టి, పొడి ఇసుక కంటె బలంగా పేలుడును పైకి తన్నుతుందని ఈ విషయం పరిశోధించినవారు చెబుతారు. మిరపకాయలతో గుంటూరు యార్డుకు పోయే లారీ, పత్తి బోరాల ట్రాక్టరు, ఆర్టీసీ బస్సు, పోలీసు జీపు – అన్నీ నడిచేది ఆ కల్వర్టుల మీదనే. ఆ రోజుల్లో అడవి పక్క మండలాలకు క్యాంపు వెళ్ళాలంటే పోలీసు జీపు వెనకాల పోవద్దని ఆఫీసు జీపు డ్రైవరుకు మనమే చెప్పేవాళ్ళం.

2004 అక్టోబరులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాదులో చర్చలు జరిగాయి. వారి నాయకులు మన ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గరే అడవి వదిలి బయటకు వచ్చారు. ఇక ఈ రక్తపాతం ఆగుతుందని అందరం ఆశపడ్డాము. 2005 జనవరికి ఆ ప్రయత్నం విఫలమైంది. 2005 మార్చి 11న చిలకలూరిపేట పోలీసు స్టేషనుమీద దాడి జరిగింది.

బతికి బయటపడిన సంఘటనలు మూడింటిని వరుసగా చెబుతాను. మొదటిది 2003 అక్టోబరు 1న తిరుపతి దగ్గర అలిపిరిలో జరిగింది. బ్రహ్మోత్సవాలకు తిరుమల వెళుతున్న అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడుగారి కారును క్లేమోర్ మందుపాతరలతో పేల్చారు. బులెట్ ప్రూఫ్ అంబాసిడర్ కారు నుజ్జయినా ఆయన గాయాలతో బయటపడ్డారు. కారులో ఉన్న మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డిగారు తదితరులకూ గాయాలయ్యాయి. రెండవది మన ఒంగోలులోనే. 2005 ఏప్రిల్ 27న జిల్లా ఎస్.పి. మహేష్ చంద్ర లడ్డాగారి కారుమీద క్లేమోర్ పేల్చారు. ఆయనదీ బులెట్ ప్రూఫ్ కారే, ఆయన బతికారు. కాని రోడ్డున ఉన్న సామాన్యులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మూడవది 2007 సెప్టెంబరు 7న నెల్లూరు జిల్లాలో. మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారు, ఆయన భార్య, అప్పటి మంత్రి రాజ్యలక్ష్మిగారు ప్రయాణిస్తుండగా పేలుడు జరిగింది. వారిద్దరూ క్షేమంగా బయటపడ్డారు. వెనక కారులో వస్తున్న పార్టీ కార్యకర్తలు చనిపోయారు.

ఇలాంటప్పుడు మనం "భూమిమీద నూకలున్నాయి" అంటాం. నూకల మాట నిజమే కావచ్చు, కాని దాని వెనక లెక్క కూడా ఉంది. క్లేమోర్ అనేది అమెరికా సైన్యం తయారుచేసిన ఆయుధం. స్కాట్లండువారి పాతకాలపు పెద్దకత్తి పేరు దానికి పెట్టారు. అసలు క్లేమోర్‌లో 700 దాకా ఉక్కు గుళ్ళుంటాయి. అవి ఒకే దిక్కున, పక్కకు, తుపాకి గుండ్లలాగా దూసుకుపోతాయి. ఇక్కడ దళాలవారు చేసుకున్నవి దానికి నాటు నకళ్ళు. పక్కనుంచి వచ్చే గుళ్ళను బులెట్ ప్రూఫ్ కారు రేకు, అద్దం చాలావరకు ఆపగలవు. అలిపిరిలో, ఒంగోలులో కారు అక్కరకు వచ్చింది అందుకే. ఆ రేకు లేని బాటసారికి ఆ గుళ్ళనుంచి అడ్డు ఏదీ లేదు.

నేలలో పాతిన మందుపాతర సంగతి వేరు. అది కిందనుంచి తంతుంది. కారుకు, జీపుకు అడుగు చదునుగా, నేలకు దగ్గరగా ఉంటుంది. ఎంత మందమైన రేకు వేసినా ఆ తాపు మొత్తం బండిమీదనే పడుతుంది. దీనికి విరుగుడు మొదట ఆఫ్రికాలో దొరికింది. 1970లలో, ఇప్పుడు జింబాబ్వే అంటున్న రొడీషియాలో అంతర్యుద్ధం నడిచింది. అక్కడ రోడ్లలో మందుపాతరలు విపరీతంగా పెట్టడంతో బండ్ల టైర్లలో నీళ్ళు నింపి చూశారు. పేలుడు వేడిని, ఊపును నీళ్ళు కొంత మింగేవి. తరువాత బండి అడుగునే పడవ అడుగులాగా కోణంగా చేశారు. డాబా మీద పడ్డ వాన నిలుస్తుంది, పెంకుటింటి వాలుమీద పడ్డ వాన జారిపోతుంది. ఇదీ అంతే. పేలుడు ఊపు కోణపు అడుగుకు తగిలి రెండు పక్కలకూ చీలిపోతుంది. బండిని నేలకు ఎత్తుగా పెడితే, దూరం పెరిగినకొద్దీ ఆ ఊపు వేగంగా తగ్గుతుంది.

దక్షిణాఫ్రికావారు ఈ పద్ధతిలో కాస్పిర్ అనే బండి తయారుచేశారు. అక్కడి పోలీసుశాఖ పొట్టి పేరు ఎస్.ఎ.పి., పరిశోధనా సంస్థ పేరు సి.ఎస్.ఐ.ఆర్. ఆ అక్షరాలన్నీ కలగలిపి కూర్చినదే కాస్పిర్. చక్రం కింద 21 కిలోల టి.ఎన్.టి., అడుగు కింద 14 కిలోలు పేలినా లోపలివారు బతికేలా దాన్ని నిర్మించారు. పేలితే చక్రం ఊడిపోతుంది, ఇరుసు ఊడిపోతుంది, మనుషులున్న పెట్టె మాత్రం నిలుస్తుంది. నల్లవారి ఉద్యమాలను అణచటానికి జాతివివక్ష ప్రభుత్వం వాడిన బండి ఇది. ఆ ప్రభుత్వం పోయిన తరువాత, 1990ల చివర మన దేశం ఈ బండ్లను కొన్నది. తరువాత మెదక్ జిల్లా (ఇప్పుడు సంగారెడ్డి జిల్లా) యెద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో "ఆదిత్య" పేరుతో అటువంటి బండ్లు తయారుచేశారు. మనం మైన్‌ప్రూఫ్ బండి అని పిలిచినది ఇదే. ఈ లెక్క అమెరికాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. ఇరాక్‌లో చదును అడుగు హమ్వీ బండ్లలో తిరిగి, రోడ్డు పక్క బాంబులకు ఎందరో సైనికులను పోగొట్టుకున్న తరువాత, 2007లో రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ కోణపు అడుగు బండ్లను వేల సంఖ్యలో హడావుడిగా తెప్పించారు.

మైన్‌ప్రూఫ్ అనే మాటను నమ్మి మోసపోరాదు. బండి 14 కిలోలకు తట్టుకుంటే అవతలివారు దానికి మూడు నాలుగు రెట్లు పెడతారు. 2005 సెప్టెంబరు 3న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ ప్రాంతంలో మైన్‌ప్రూఫ్ బండిని పేల్చినప్పుడు 24 మంది చనిపోయారు. 2008 జులై 16న ఒరిస్సా మల్కనగిరి జిల్లాలో అటువంటి బండిలోనే 17 మంది పోలీసులు పోయారు. ముఖ్యమంత్రుల కాన్వాయిలకు జామర్లు వచ్చాయి. జామరు రిమోటును ఆపుతుంది, నేలలో పాతిన వైరును ఆపలేదు.

ఈ సంగతి మన రాష్ట్ర పోలీసుశాఖ ముందే గ్రహించింది. కె.ఎస్.వ్యాస్‌గారి నాయకత్వంలో 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళాలకు మొదటి పాఠం బండి దిగి నడవడం. రోడ్డుమీద పోరాదు, పోయిన దారిన తిరిగి రారాదు, వంతెన ఎక్కరాదు. అడవిలో రాత్రులు మైళ్ళకొద్దీ నడిచినవారికి రోడ్డుకింది మందుపాతర భయం లేదు. ఆ కట్టుబాటు సడలితే ఏమవుతుందో 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో తెలిసింది. నడక మాని పడవలో తిరిగివస్తున్నవారిమీద కాల్పులు జరిగి 38 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది గ్రేహౌండ్స్ వారే. కనుక ప్రాణాన్ని కాపాడేది ఇనుము ఒక్కటే కాదు. ఇనుము, దూరం, క్రమశిక్షణ – ఈ మూడూ కలిస్తేనే ప్రాణం నిలుస్తుంది.

ఇక మూడవ ప్రశ్న. బండి నిలిచినా లోపలి మనిషి క్షేమంగా ఉన్నాడని అర్థం కాదు. పేలుడుకు బండి గాలిలోకి లేచి పడుతుంది. బెల్టు పెట్టుకోనివాడి తల పైకప్పుకు కొట్టుకుంటుంది. నేల తన్ని మడమలు, వెన్నెముక విరగవచ్చు. చెవిలో కర్ణభేరి పగలవచ్చు. తలలోపలి దెబ్బ పైకి కనబడదు. నిద్ర పోవడం, కోపం రావడం, పేర్లు మరచిపోవడం తరువాత ఎప్పుడో మొదలవుతాయి.

నేను గుమాస్తాను కాబట్టి దీన్ని ఫైళ్ళలో చూశాను. చనిపోయినవారి ఫైలు బరువుగా ఉన్నా త్వరగా కదిలేది. ఎక్స్‌గ్రేషియా, కుటుంబ పెన్షను, పిల్లవాడికి కారుణ్య నియామకం – వీటికి జీవోలున్నాయి, అడిగే నాయకులున్నారు. బతికినవారి ఫైలు పలచగా ఉండేది, ఎవరికీ తొందర ఉండేది కాదు. ఒక కానిస్టేబులు సంగతి చెబుతాను, పేరు వద్దు. అతనున్న మైన్‌ప్రూఫ్ బండి కింద పేలుడు జరిగి బండి పక్కకు పడిపోయింది. లోపలివారందరూ బతికారు. ఎవరూ చనిపోలేదు కనుక పత్రికలో నాలుగు పంక్తులే వచ్చాయి. అతనికి రెండు చెవులూ పోయాయి. "వినికిడి లోపం విధినిర్వహణలోనే కలిగినదా, అంతకుముందే ఉన్నదా, స్పష్టపరచవలెను" అని ఒక ఆఫీసునుంచి కొర్రీ వచ్చింది. జవాబు పంపితే మెడికల్ బోర్డుకు పొమ్మన్నారు. బోర్డునుంచి మళ్ళీ కాగితాలు కావాలన్నారు. అతను మా సెక్షనుకు వచ్చి నా బల్ల పక్కన నిలబడి, నేను మాట్లాడుతుంటే నా పెదవులకేసి చూసేవాడు. చివరకు నేను తెల్లకాగితంమీద వ్రాసి చూపడం మొదలుపెట్టాను. "మనవాళ్ళందరూ అదృష్టవంతుడివంటున్నారు సార్, ఆ మాట కూడా నాకు వినబడటంలేదు" అన్నాడు ఒకసారి. అతని డబ్బు మంజూరయ్యేసరికి మూడేళ్ళు పట్టింది.

ప్రతి ఏడూ అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనావారి కాల్పుల్లో చనిపోయిన 10 మంది జవాన్ల జ్ఞాపకార్థం అది మొదలైంది. ఆ ఏడు చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే లేచి నిలబడని మనిషి ఉండడు. చదవవలసిందే. బతికినవారి పేర్లు చదివే రోజు మాత్రం క్యాలెండరులో లేదు. ఒంగోలు రోడ్డున తమ పనిమీద పోతూ చనిపోయినవారికి, నల్లమలలో రెండు వైపులా నేలకొరిగిన మన పల్లెల పిల్లలకూ ఆ జాబితాలో చోటు లేదు.

ఇప్పుడు మాచర్ల రోడ్డున, దోర్నాల రోడ్డున కల్వర్టు చూసి ఎవరూ భయపడటంలేదు. మన మనుమలకు ఆ భయం ఏమిటో తెలియదు, అది మంచిదే. ఆ రోడ్లమీద చెవులు, కాళ్ళు పోగొట్టుకున్నవారు మాత్రం ఇప్పుడు మనలాగే పెన్షనర్లు. ట్రెజరీ దగ్గర లైఫ్ సర్టిఫికెట్ల కాలంలో మన పక్క బెంచీమీదనే కూర్చుంటారు. పిలిస్తే పలకకపోతే పొగరనుకోకండి, దగ్గరకు వెళ్ళి కాగితంమీద వ్రాసి చూపండి. కొర్రీలకు జవాబు వ్రాయడంలో చేయి తిరిగినవాళ్ళం మనలో ఇంతమందిమి ఉన్నాము. ఇంకా తేలని ఫైళ్ళు ఎవరికైనా ఉంటే సంఘం ఆఫీసుకు తీసుకురమ్మని చెప్పండి. శనివారం సాయంత్రాలు నేను అక్కడే ఉంటాను.