రచ్చబండ వెనక మాటలు

2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు (తెవికీకి) శ్రీకారం చుట్టారు. ఇరవై ఏళ్లు దాటాయి, వ్యాసాలు లక్ష దాటాయి. మామూలుగా ఇలాంటి సందర్భాల్లో వేసే సంచికల్లో లెక్కలూ సన్మానాల ఫొటోలూ వేస్తారు. వాటిని మిగతావాళ్లకు వదిలేసి, నేను వ్యాసాల వెనక నడిచిన మాటల గురించి రాస్తాను. జీతం లేని, పైఅధికారి లేని, చాలామంది ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఇన్నేళ్లు కలిసి పనిచేశారంటే, ఏ మాట ఎక్కడ మాట్లాడాలో ముందే తేల్చుకోవడం వల్లనేనని నా నమ్మకం.

నెట్టులో తెలుగువాళ్లు కబుర్లకు కూర్చోవడం తెవికీతో మొదలవలేదు. 1990లలో అమెరికాలో చదువుకునే మనవాళ్లు ‘స్కిట్’ (soc.culture.indian.telugu) న్యూస్‌గ్రూపులో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగులో వాదించుకునేవారు. అలా రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతి చేతికి అలవాటైంది. ఆ తర్వాత యాహూ గ్రూపులు వచ్చాయి. 2020 డిసెంబరులో యాహూ వాటిని పూర్తిగా మూసేసింది. దాచుకోని గుంపుల కబుర్లన్నీ పోయాయి. కంపెనీ ఇంట్లో పెట్టిన సామాను కంపెనీ ఇష్టం మరి!

తెవికీ పద్ధతి వేరు. తోటలో కోసిన చిన్నరసాలు, బంగినపల్లి, కలెక్టరు మామిడికాయలు ఒకే కుప్ప పోస్తే నున్న మార్కెట్లో బేరం తెగదని మన రైతుకు ఒకరు చెప్పాలా? ఇక్కడ మాటలకూ అదే గ్రేడింగు. వ్యాసంలో తప్పుందంటే ఆ వ్యాసం చర్చా పేజీలో రాయాలి. ఒక మనిషితో పనుంటే ఆయన చర్చా పేజీకి వెళ్లాలి. అందరికీ చెందినదైతే, అందరూ కలిసి చర్చించుకునే పేజీ అయిన రచ్చబండకు తేవాలి. రాసిన మాట చివర నాలుగు టిల్డేలు కొడితే పేరు, తేదీ, సమయం వాటంతటవే పడతాయి. జవాబిచ్చేవాళ్లు ముందు ఒక కోలన్ పెడితే వాక్యం కాస్త లోపలికి జరుగుతుంది. దానికి జవాబైతే రెండు కోలన్లు. ఎవరు ఎవరికి బదులిచ్చారో ఏళ్ల తర్వాత చదివినా తెలుస్తుంది. పాతబడిన చర్చను పారేయరు, పక్క పేజీలో భద్రపరుస్తారు.

ఇదంతా చాదస్తం అనిపించవచ్చు. 2022 ఏప్రిల్ 4 తర్వాత మన నూజివీడు ప్రాంతపు పేజీలు చూసినవాళ్లకు అలా అనిపించదు. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి, ముసునూరు మండలాలు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. మనకు కలెక్టరాఫీసు మారింది, అంతే. తెవికీలో మాత్రం ప్రతి ఊరి పేజీలో మొదటి వాక్యం, సమాచారపెట్టె, వర్గం, మండలం మూస అన్నీ మారాలి. ఎవరికి తోచినట్టు వాళ్లు దిద్దితే ఒక ఊరు కృష్ణాలోనూ పక్క ఊరు ఏలూరులోనూ మిగిలిపోయేవి. ఇవాళ ఆ పేజీల్లో కొత్త జిల్లాతో పాటు, పునర్వ్యవస్థీకరణకు ముందు ఊరు కృష్ణా జిల్లాలో ఉండేదన్న వాక్యం కూడా ఒకే తీరుగా కనిపిస్తుంది. పాత దస్తావేజు చేతిలో పట్టుకున్నవాళ్లకు ఆ ఒక్క వాక్యం విలువ తెలుసు.

రాసిపెట్టిన చర్చ తెవికీ బయట కూడా పనికొస్తుంది. వికీపీడియాను నడిపే మీడియావికీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని లోపాలనూ మార్పులనూ ఫ్యాబ్రికేటర్ అనే చోట, ఇంగ్లీషులో, ప్రపంచమంతటికీ కలిపి చూస్తారు. తెవికీలో ఫలానా సెట్టింగు మార్చమని అక్కడ అడిగితే వచ్చే మొదటి ప్రశ్న: మీవాళ్లంతా ఒప్పుకున్నారా, ఆ చర్చ లింకేది? రచ్చబండలో సంతకాలతో నడిచిన చర్చ ఉంటే పని కదులుతుంది. ఫోనులో అనుకున్నామంటే కదలదు.

మరి రేపు ఈ చర్చలు నడిపేదెవరు? 2008లో నూజివీడులో ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) వచ్చింది. పల్లెటూరి బడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లలు చేరే క్యాంపస్ అది. తమ ఊరి పేజీని తామే సరిదిద్దడానికి ఇంతకంటే తగినవాళ్లు ఎక్కడ దొరుకుతారు? కాకపోతే ఈ తరం మాటలన్నీ వాట్సాప్‌లోనే. గుంపు నిండా గుడ్‌మార్నింగులు, వాటి మధ్య ఒక మంచి ప్రశ్న, దానికి మంచి జవాబు. వారం తిరిగేసరికి రెండూ ఎక్కడున్నాయో ఎవరికీ దొరకవు. వాట్సాప్ మానెయ్యమని నేననను, మానరు కూడా. అక్కడ తేలినదాన్ని అదే రోజు రచ్చబండలో నాలుగు ముక్కలు రాసి, నాలుగు టిల్డేలు కొట్టే పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి.