సికింద్రాబాదు ఇనుపసామాను అంగళ్ళు: చరిత్ర, పదజాలము

సికింద్రాబాదు చరిత్రమును వ్రాయువారు సాధారణముగ సేనానివేశముతో ప్రారంభింతురు. పటాలములు, పరేడు మైదానములు, బంగళాలు, చర్చిలు వారి దృష్టి నాకర్షించినవి. ఆ బంగళాల తలుపులకు బందులను, ఆ పటాలపు గుఱ్ఱపుశాలలకు గొలుసులను అమ్మిన వర్తకులను గూర్చి వారు విచారించుట అరుదు. తండ్రినుండి కుమారునకు సంక్రమించుచు వచ్చిన ఇనుపసామాను అంగడి పట్టణచరిత్రమునకు ఒక ఆధారము. ఆ యాధారము రెండు రూపములనున్నది: ఒకటి లెక్కపుస్తకము, రెండవది వ్యవహారపదము. ఈ రెండింటిలో రెండవదానిని భాషాశాస్త్ర విద్యార్థులు ఇంతవరకు తగినంతగ వినియోగించుకొనలేదని చూపుట ఈ వ్యాసోద్దేశము.

1798 నాటి సైన్యసహకార సంధి ననుసరించి ఆంగ్లేయుల సైన్యము నిజామురాజ్యమున స్థిరపడెను. హుస్సేన్‌సాగరమునకు ఈశాన్యమున వెలసిన ఆ దండుకు 1806లో సికందర్‌జా పేర సికింద్రాబాదని నామకరణము జరిగెను. దండు ఉన్నచోట బజారు పుట్టును. పాత ఘాస్‌మండి, రెజిమెంటల్ బజారు అను పేర్లు నేటికిని ఈ సంగతినే చెప్పుచున్నవి. ఘాస్‌మండి యనగా గడ్డి అమ్ము చోటు. గుఱ్ఱము లేనిదే అట్టి పేరు పుట్టదు. గుఱ్ఱమున్నచోట నాడా, నాడాకు చీల, చీలకు ఇనుము కావలయును. కావున ఇనుపవర్తకమునకు ఇచట తొలి పోషకుడు సైన్యమే యని చెప్పవచ్చును.

తెలంగాణమునకు ఇనుము క్రొత్తది కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు దేశాంతరఖ్యాతి గాంచినది. పారశీకదేశపు వర్తకులు దానిని కొనుటకై ఆ గ్రామమునకే వచ్చుచుండిరి. అచటి పనిని స్వయముగ చూచిన వాయిసీ వ్రాసిన వర్ణనము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటితమైనది. ఆనాడు ఇనుము కొలిమియొద్ద పుట్టి, కొలిమియొద్దనే వస్తువుగ మారి, కమ్మరిచేతినుండి కాపుచేతికి చేరెడిది. నడుమ అంగడితో పనిలేదు.

ఈ స్థితిని మార్చినది రైలు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము ఏర్పడెను. 1889 నాటికి అది బెజవాడ వరకు సాగెను. ఓడరేవులయందు దిగిన విదేశపు కడ్డీలు, రేకులు, యంత్రములతో చేసిన మేకులు తక్కువ కూలితో ఇచటికి చేరినవి. స్థానికమైన కొలిమి ఆ ధరకు తాళలేకపోయెను. అయితే కమ్మరి నశింపలేదు. అతడు ఇనుము తీయుట మాని, అంగడిలో కడ్డీ కొని నాగటికఱ్ఱు సాగగొట్టువాడాయెను. ఇనుపసామాను అంగడి ఒక వృత్తిని సగము మ్రింగి, తక్కిన సగమునకు ఆధారమైనది. దాని చరిత్రమును కేవలము అభివృద్ధిగాథగ వ్రాయుట యుక్తము కాదు.

వర్తకులు నలుదెసలనుండి వచ్చినవారు. మద్రాసు పటాలములవెంట మొదలియారులు వచ్చిరి. కోమట్లు, మార్వాడీలు, గుజరాతీలు బజారున స్థిరపడిరి. దావూదీ బోహ్రాలు దేశమందు పెక్కుపట్టణములలో ఇనుపసామాను వర్తకమునకు పేరొందినవారు. కాలక్రమమున రాణీగంజు ఈ వర్తకమునకు ముఖ్యస్థానమాయెను. నిజాము పాలితప్రాంతమున హాలీ సిక్కా, దండున ఆంగ్లప్రభుత్వపు కల్దారు రూపాయి చెల్లుచుండెను. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానము. రెండు నాణెముల నడుమ వర్తకము చేయువానికి లెక్కయందు నేర్పు తప్పనిసరి. చిట్టా, ఆవర్జాలు వ్రాయుట కుటుంబవిద్య యగుటకు ఇదియు నొక కారణము.

అంగడి నిలిచినది సరుకుమీద కంటె ఉద్దెరమీద. మేస్త్రీకి పని ముగిసినపిమ్మట గాని సొమ్ము చేతికి రాదు; కాపునకు పంట వచ్చినపిమ్మట గాని రాదు. ఎవరికెంత ఇయ్యవచ్చునో తెలియుటకు ఆ మనిషినేగాక అతని తండ్రినిగూడ ఎరిగియుండవలెను. ఈ యెరుక ఒక తరములో లభించునది కాదు. అందువలననే ఈ వర్తకము కుటుంబముల చేతిలో నిలిచినది. తీరప్రాంతమున 'అరువు' అనుదానిని తెలంగాణమున 'ఉద్దెర' యందురు. ఈ పదమే మనలను పదజాలవిచారమునకు గొనిపోవుచున్నది.

తీరాంధ్రమున 'మేకు' అనబడు వస్తువు తెలంగాణమున 'మొల'. 'మేకు' పారశీకమైన 'మేఖ్' నుండి వచ్చినదని పండితుల యభిప్రాయము. 'మొల' మన మాటయే. కన్నడమందలి 'మొళె' దానికి సోదరము. తెలంగాణభాష ఉర్దూమయమని తేలికగ పలుకువారు ఈ ఒక్క పదము నాలోచింపవలెను. నిజాముల యేలుబడిలోని ప్రాంతమున దేశ్యపదము నిలువగా, ఇతరప్రాంతమున పారశీకపదము నిలిచినది. దీనికి విపర్యయముగ తీరమున 'కుళాయి', ఇచట 'నల్లా'. మొదటిది తమిళమునకు, రెండవది హిందుస్తానీకి సంబంధించినవి.

తలుపుబందును ఇచటి అంగళ్ళలో 'కబ్జా' యందురు. ఇది 'పట్టు' అను అర్థముగల అరబ్బీపదము. వార్తాపత్రికలలో భూమి నాక్రమించుటకు వాడబడు 'కబ్జా'యు ఇదియే. వడ్రంగికి తలుపును పట్టియుంచునది, పత్రికారచయితకు పరుల భూమిని పట్టునది. తీరప్రాంతపు 'మడతబందు'లో మడత తెలుగు, బందు పారశీకము. మర తిప్పు సాధనమైన 'పేచ్‌కస్'లోని 'పేచ్' కు మెలిక యని అర్థము. మేస్త్రీ, బాల్టీ, చాబీ అనునవి పోర్చుగీసునుండి వచ్చినవి. అంతమాత్రమున పోర్చుగీసువారు సికింద్రాబాదున వర్తకము చేసిరని ఊహింపరాదు. ఆ పదములు ఇతరభాషల మీదుగ వచ్చినవి. బోల్టు, నట్టు, వాషరు అనునవి ఆంగ్లపదములు. 1893లో నెలకొనిన లాలాగూడ రైలు కర్మశాలవంటి చోట్ల పనివారికి ఇవి నిత్యవ్యవహారములు.

కొలతలందును ఇట్టి పొరలే కానవచ్చును. అంగుళములో ఎనిమిదవ వంతు 'సూత్'. అరయంగుళపు కడ్డీ నాలుగు సూతులది. 1956 నాటి చట్టముచే మెట్రిక్ కొలతలు క్రమముగ అమలులోనికి వచ్చి, కడ్డీ 12 మిల్లీమీటర్లదైనది. అయినను కొనువాడు సూతులలో అడుగును, అమ్మువాడు మిల్లీమీటర్లలో బిల్లు వ్రాయును. ఈ రెండింటి నడుమ దుబాసి అంగడివాడే.

తరువాతి చరిత్రము త్వరితమైనది. 1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్స్ స్థాపితమాయెను. అటుపిమ్మట బాలానగరు పారిశ్రామికవాడ పెరిగెను. సైన్యము, రైలు ఉన్నచోట యంత్రశాల కొనుగోలుదారై నిలిచెను. యుద్ధకాలమున ఉక్కుమీద వచ్చిన ప్రభుత్వనియంత్రణ, మార్పులతో సాగి, 1992 జనవరిలో ధరల విషయమున, పంపిణీ విషయమున తొలగెను.

కుటుంబమునందును మార్పు వచ్చినది. మితాక్షర ననుసరించు హిందూకుటుంబములలో కుమార్తెలకు సమష్టి ఆస్తియందు కుమారులతోపాటు జన్మహక్కు ఆంధ్రప్రదేశ్ చట్టసవరణచే 1985 సెప్టెంబరు 5 నుండి, దేశవ్యాప్తముగ 2005లో లభించినది. ఇది న్యాయము. బోహ్రాలకు వారి వారసత్వనియమములు వేరు. ఏ నియమమైనను, పంపకమున అంగడిస్థలమునకు, సరుకునకు, బాకీలకు విలువ కట్టుదురు. పాత చిట్టాలకు విలువ కట్టరు. పంచుకొనుటకు పనికిరానివి గనుక అవి అటకమీదనో, తూకపుకాగితములవాని సంచిలోనో చేరును. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపిమ్మట లెక్కలు గణకయంత్రములకెక్కినవి. బిల్లుపై మొల, కబ్జా, సూత్ అను మాటలకు బదులు సంకేతసంఖ్యలు నిలుచుచున్నవి.

కావున పరిశోధక విద్యార్థులకు ఇందు తక్షణకర్తవ్యము కలదు. అంగడిలో వాడు ప్రతిపదమును, ఆ వస్తువు కొలతతోను, అడుగువాని వృత్తితోను చేర్చి వ్రాసికొనవలెను. వృత్తిని విడిచి పదమును మాత్రము సేకరించినచో అది నిఘంటువున కెక్కునేగాని చరిత్రమునకు పనికిరాదు. యజమానుల యనుమతితో, బాకీదారుల పేర్లు వెల్లడి గాకుండ, పాత చిట్టాల ప్రతిచిత్రములు తీయవలెను. శాసనములకై కొండలెక్కిన మన విద్యార్థులకు రాణీగంజు దూరము కాదు. శాసనము రాతిపై నున్నది, వేచియుండగలదు. చిట్టా కాగితము, వేచియుండదు.