జారిపోయిన అక్షరములు

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన హైదరాబాదు మాదాపూరులో హైటెక్ సిటీ మొదటి భవనమైన సైబర్ టవర్స్‌కు ప్రారంభోత్సవము జరిగినది. ఆ కాలమున ఇంటిలోని కంప్యూటరు ఇంటర్‌నెట్‌ను చేరుటకు టెలిఫోను తీగయే సాధారణమైన దారి. తీగకును కంప్యూటరుకును నడుమ మోడెము ఉండెడిది. మోడెము నుండి అక్షరములు లోనికి వచ్చు గుమ్మమే సీరియల్ పోర్టు. పాత కంప్యూటర్లపై యూనిక్స్‌ను, దాని పోలికనే పుట్టిన లినక్స్‌ను నడుపువారికి ఈ గుమ్మము వద్ద ఒక చిక్కు ఎదురగుచుండెను. వచ్చిన అక్షరములలో కొన్ని మాయమగుచుండెను.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. అప్పటి టెలిటైపు యంత్రము సెకనుకు 10 అక్షరములు మాత్రమే పంపెడిది. అక్షరమునకును అక్షరమునకును నడుమ సెకనులో పదవ వంతు వ్యవధి! కంప్యూటరుకు తొందర లేదు.

సీరియల్ పోర్టులో బిట్లు చీమలబారువలె ఒకదాని వెనుక నొకటి వచ్చును. అక్షరమునకు 8 బిట్లు, మొదట ఒకటి, చివర ఒకటి, మొత్తము 10. సెకనుకు 1,15,200 బిట్ల వేగమున 11,520 అక్షరములు వచ్చును. అనగా 87 మైక్రోసెకనులకు ఒకటి. పాత పి.సి.లలోని 8250 చిప్‌లో వచ్చిన అక్షరము వేచియుండుటకు ఒక్క గదియే కలదు. ప్రాసెసరు దానిని తీసికొనక మునుపే తరువాతిది వచ్చినచో మొదటిది చెరిగిపోవును. దీనినే ‘ఓవర్‌రన్’ అందురు.

ప్రాసెసరు ఏల ఆలస్యము చేయును? డిస్కు పనిలో నున్నపుడు అది ఇతర పిలుపులను కొంతసేపు వినకుండెడిది. కనుక సగటున ఎంత వేగముగా పనిచేయు నన్నది ప్రశ్న కాదు; ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు ఏమరియుండు నన్నదే ప్రశ్న.

ఇందుకు విరుగుడు గాదె. పి.డి.పి.-11 కంప్యూటర్లకు అమర్చిన డి.జెడ్.11 పరికరములో 64 అక్షరములు పట్టు ‘సైలో’ ఉండెడిది. సైలో అనగా ధాన్యపు గాదెయే. పి.సి.లకు 16 గదుల 16550 చిప్ 1987లో వచ్చినది. తొలి చిప్‌లలో గాదె సరిగా పనిచేయలేదు. 16550ఎ ఆ లోపమును తీర్చినది. 14 గదులు నిండినపుడు ప్రాసెసరును పిలిచినచో మిగులునవి 2 గదులే. 8 నిండగనే పిలిచినచో 8 గదులు, అనగా సుమారు 0.7 మిల్లీసెకను వ్యవధి, చిక్కును. పిలుపులు పెరుగును, నష్టము తగ్గును.

అయితే నష్టము రెండు చోట్ల జరుగవచ్చును. అక్షరము చిప్‌లోనే చెరిగిపోవుట ఒకటి; చిప్ నుండి తీసిన పిదప, చదువవలసిన ప్రోగ్రాము మందగించుటచే జ్ఞాపకస్థానము నిండిపోవుట రెండవది. ‘ఆగుము’ అను సంకేతమును పంపుట రెండవదానిని మాన్పును. మొదటిదానికి అది చాలదు. ఆ సంకేతమును పంపవలసినది కూడ ఏమరియున్న ప్రాసెసరే కదా! లినక్స్ ఈ రెండు నష్టములను వేరువేరుగ లెక్కించును. ముందు ఆ లెక్క చూచి, పిమ్మట మందు వేయవలెను.

చిన్న నియంత్రణ పరికరములలో సీరియల్ పోర్టు నేటికిని కలదు. వానితో ప్రయోగములు చేయు విద్యార్థికి ఆ 87 మైక్రోసెకనుల లెక్క నేటికిని అవసరమే.